ఓడ ఒడ్డుకి రాని రేవు: మూడు పేర్లున్న ఐరిష్ ఊరి కథ

ఏటా ఏప్రిల్ వచ్చేసరికి టైటానిక్ మీద కథనాలు మళ్లీ మొదలవుతాయి. ఆ ఓడ చివరిసారి ఆగింది క్వీన్స్‌టౌన్‌లో అనే మాట వాటిలో తప్పకుండా ఉంటుంది. ఎక్కడుందో చూద్దామని ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే అది నేరుగా న్యూజిలాండ్ తీసుకుపోతుంది. కొండలు, సరస్సు, బంజీ జంపింగ్! అమెరికా వెళ్లాల్సిన ఓడకి అక్కడేం పని అని బుర్ర గోక్కోవాల్సి వస్తుంది.

టైటానిక్ ఆగిన క్వీన్స్‌టౌన్ ఇప్పుడు ఆ పేరుతో లేదు. ఐర్లండ్ దక్షిణ తీరంలో, కార్క్ నగరం నుంచి లోకల్ రైలెక్కితే పాతిక నిమిషాల్లో వచ్చే చివరి స్టేషన్ అది. బోర్డు మీద సి, ఓ, బి, హెచ్ అని నాలుగు అక్షరాలుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేనూ 'కోబ్' అనే చదివాను. అసలు ఉచ్చారణ 'కోవ్'.

జనాభా సుమారు 14 వేలు. ఇంత చిన్న ఊరు చరిత్రలో పదేపదే తగులుతుంది: ఆస్ట్రేలియాకి ఖైదీల తరలింపు, బంగాళాదుంప కరువు, అమెరికా వలసలు, టైటానిక్, లూసిటానియా, రెండు ప్రపంచ యుద్ధాలు. ఒక్కోచోట ఒక్కో పేరుతో కనిపిస్తుంది కాబట్టి ఇదంతా ఒకే ఊరని చాలామందికి తట్టదు. ముందు ఆ పేర్ల చిక్కు విప్పుకుంటే మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది.

మూడు పేర్లు, నిజానికి రెండే

ఇంగ్లిష్‌లో 'కోవ్' అంటే తీరం లోపలికి వంగి, గాలివాన తగలకుండా ఓడలు నిలబడటానికి వీలిచ్చే చిన్న మలుపు. కార్క్ నగరానికి దగ్గరున్న మలుపు కాబట్టి 'కోవ్ ఆఫ్ కార్క్' అనేవారు. వాడగా వాడగా ఆ మామూలు మాటే ఊరి పేరైంది.

1849 ఆగస్టులో విక్టోరియా రాణి తొలిసారి ఐర్లండ్ వచ్చింది. అప్పటికి దేశాన్ని కరువు పట్టి నాలుగేళ్లు. ఆమె ఈ ఒడ్డున కొద్దిసేపే నిలబడి, తర్వాత నది మీదుగా కార్క్ వెళ్లింది. ఆ కొద్దిసేపటి గుర్తుగా ఊరు క్వీన్స్‌టౌన్ అయింది. 71 ఏళ్ల తర్వాత, 1920లో, బ్రిటన్ మీద స్వాతంత్ర్య పోరాటం నడుస్తున్నప్పుడు స్థానిక కౌన్సిల్ తీర్మానం చేసి రాణి పేరు తీసేసింది.

తీసేసి ఏం పెట్టాలి? డబ్లిన్ పక్కనున్న కింగ్స్‌టౌన్‌కి ఈ ఇబ్బంది రాలేదు. దానికి డన్ లీరీ అనే పాత ఐరిష్ పేరుంది, అక్కడికే తిరిగి వెళ్లింది. కోవ్‌కి అలా వెనక్కి వెళ్లడానికి జనం నోట ఆడే ఐరిష్ పేరేదీ లేదు. అందుకని ఇంగ్లిష్ 'కోవ్'నే ఐరిష్ లిపి పద్ధతిలో రాశారు. సంప్రదాయ ఐరిష్ అక్షరమాలలో 'వి' లేదు. 'బి' పక్కన 'హెచ్' చేరిస్తే ఆ ధ్వని వస్తుంది. ఆ నాలుగు అక్షరాల మాటకి ఐరిష్ భాషలో అర్థం కూడా లేదు, ఇంగ్లిష్ మాటకి తొడిగిన ఐరిష్ చొక్కా అంతే.

దీన్ని వెక్కిరించేవాళ్లున్నారు. వలస పాలకుల పేరు వద్దనుకుని మళ్లీ వాళ్ల భాష మాటే పెట్టుకున్నారు కదా అంటారు. రాణి రాకముందు తరతరాలుగా జనం పిలిచిన పేరు ఏ భాష నుంచి వస్తేనేం, అది ఊరిదే కదా అనేది ఎదుటి వాదన. నాకు రెండోదే సబబుగా తోస్తుంది.

పాత కాగితాలు చదివేటప్పుడు ఒక లెక్క పెట్టుకుంటే చాలు. 1838 నాటి ఓడ వార్తలో ఊరి పేరు కోవ్ అని ఉంటుంది. 1891 నాటి ప్రయాణికుల జాబితాలో క్వీన్స్‌టౌన్. 1938 నాటి ఒప్పందం గురించి చదువుతుంటే మళ్లీ కోవ్, కొత్త స్పెల్లింగ్‌తో.

రేవు ఉంది, ఓడ మాత్రం ఒడ్డుకి రాదు

కార్క్ హార్బర్ ఒక పెద్ద కడవలాంటిది. మూతి ఇరుకు, లోపల విశాలం. మూతికి ఒక పక్క రోచెస్ పాయింట్ లైట్‌హౌస్. లోపల దీవులు: ఊరున్న గ్రేట్ ఐలాండ్, ఎదురుగా స్పైక్ ఐలాండ్, దాని పక్కన నౌకాదళపు హాల్‌బౌలిన్. అట్లాంటిక్ మీద ఎంత తుపాను ఉన్నా లోపల నీళ్లు కుదురుగా ఉంటాయి. ప్రపంచంలోని పెద్ద సహజ రేవుల్లో ఇదొకటి.

అయితే అమెరికా వెళ్లే పెద్ద లైనర్లు ఊరి గట్టుదాకా వచ్చేవి కావు. టైటానిక్‌ లాంటివి రోచెస్ పాయింట్ దగ్గరే లంగరు వేసేవి. లోపలికి వచ్చి, గట్టుకి కట్టి, మళ్లీ తిప్పుకుని పోవాలంటే గంటలు పడుతుంది. అక్కడ ఎక్కే నూరు, రెండొందల మంది కోసం ఏ కంపెనీ అంత టైమ్ పెడుతుంది? కాబట్టి జనమే ఓడ దగ్గరికి వెళ్లేవారు, టెండర్లలో. టెండర్ అనగానే మనకి కాంట్రాక్టర్లు, సీల్డ్ కవర్లు గుర్తొస్తాయి గానీ ఇక్కడ టెండర్ అంటే ఒడ్డుకీ ఓడకీ మధ్య మనుషుల్ని, సామాన్లని, తపాలా సంచుల్ని చేరవేసే చిన్న స్టీమరు.

అసలు అక్కడ ఆగడం ఎందుకు? ప్రయాణికులు ఒక కారణమైతే, ఉత్తరాలు ఇంకో పెద్ద కారణం. ఒక లెక్క చూద్దాం. శనివారం మధ్యాహ్నం లివర్‌పూల్ నుంచి న్యూయార్క్ ఓడ బయల్దేరింది. క్వీన్స్‌టౌన్ సుమారు 240 నాటికల్ మైళ్లు. గంటకి 18 మైళ్ల చొప్పున పోతే 13 గంటలు, అంటే ఆదివారం తెల్లవారేసరికి చేరుతుంది. శనివారం సాయంత్రం లండన్‌లో పోస్ట్ చేసిన ఉత్తరానికి ఆ ఓడ లివర్‌పూల్‌లోనే తప్పిపోయినట్టు లెక్క. కానీ అది రాత్రి రైలెక్కి వేల్స్ కొసనున్న హోలీహెడ్ చేరి, స్టీమర్‌లో ఐరిష్ సముద్రం దాటి, డబ్లిన్ దగ్గర మళ్లీ రైలెక్కితే ఆదివారం మధ్యాహ్నానికల్లా క్వీన్స్‌టౌన్ వచ్చేస్తుంది. తపాలా వచ్చేదాకా ఓడ అక్కడ ఆగే ఉంటుంది. తప్పిపోయిన బస్సుని బైక్ మీద పక్క ఊళ్లో అందుకోవడం లాంటిదే. వ్యాపారుల ఉత్తరాలకి దాదాపు ఒక రోజు కలిసొచ్చేది. అటునుంచి వచ్చే ఓడకీ ఇదే లాభం: తపాలా ఇక్కడ దింపేస్తే ఓడ లివర్‌పూల్ చేరేలోపే ఉత్తరం లండన్‌లో ఉండేది.

అందుకే 1859 నుంచి ఇన్‌మన్, కునార్డ్ లాంటి కంపెనీల ఓడలు ఇక్కడ ఆగడం అలవాటు చేసుకున్నాయి. 1862లో రైలు ఊళ్లోకే వచ్చింది. స్టేషన్‌లో దిగితే ఎదురుగా నీళ్లు, నీళ్ల మీద టెండర్.

ఈ ఊరి గురించి నాకు అర్థమైనంతలో అసలు సంగతి ఇదే. ఊరు తనకంటూ సరుకు తయారుచేసి పంపి బతికింది తక్కువ. వచ్చిపోయే జనం మీద, ఆగిపోయే ఓడల మీద బతికింది. అవి ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు మానేయాలో నిర్ణయించేవాళ్లు లండన్‌లోనో లివర్‌పూల్‌లోనో ఉండేవారు.

యుద్ధాలు పోసిన పునాది

పద్దెనిమిదో శతాబ్దంలో ఇది పేరుకి ఊరు, చూపుకి పల్లె. నెపోలియన్‌తో యుద్ధాలు దాన్ని మార్చేశాయి. శత్రువుల భయంతో వాణిజ్య ఓడలు గుంపుగా, యుద్ధనౌకల కాపలాలో పోవాల్సిన రోజులవి. గుంపు కూడేదాకా, గాలి అనుకూలించేదాకా ఆగడానికి ఇంత చోటు ఇంకెక్కడా దొరకదు. పైగా కార్క్ చుట్టుపక్కల ఉప్పు పట్టించిన మాంసం, వెన్న దండిగా దొరికేవి. నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికుడికి కావాల్సిన తిండి అదే. హాల్‌బౌలిన్ మీద నౌకాదళ గోదాములు లేచాయి, స్పైక్ ఐలాండ్ మీద నక్షత్రాకారపు కోట లేచింది. గ్రేట్ ఐలాండ్‌ని నేలకి కలిపే బెల్వెల్లీ వంతెన 1803 నాటిది. ఊళ్లోకి రోడ్డు మీద రావాలంటే ఇప్పటికీ అదొక్కటే దారి.

ఇష్టపడి వెళ్లినవాళ్ల కంటే ముందు ఇక్కడినుంచి బలవంతాన వెళ్లినవాళ్లున్నారు. ఐర్లండ్ నుంచి నేరుగా ఆస్ట్రేలియాకి ఖైదీల్ని తీసుకెళ్లిన మొదటి ఓడ 1791లో కార్క్ హార్బర్ నుంచే కదిలింది. దాని పేరు 'క్వీన్' కావడం కాకతాళీయం. కరువు రోజుల్లో ఆకలికి దొంగతనాలు పెరిగి జైళ్లు నిండిపోతే 1847లో స్పైక్ ఐలాండ్ కోటని జైలు చేశారు. 1850ల మొదట్లో అందులో 2,300 మందికి పైగా ఉన్నారు. ఆ కాలానికి ప్రపంచంలోనే అతిపెద్ద జైళ్లలో అదొకటి. ఎదురుగడ్డ మీది ఊళ్లో మాత్రం డబ్బున్నవాళ్లు ఆరోగ్యం కోసం, సముద్రపు గాలి కోసం ఇళ్లు అద్దెకి తీసుకుని ఉండేవారు. నడుమ అడ్డం కొద్దిపాటి నీళ్లు.

1838 ఏప్రిల్‌లో ఇక్కడినుంచి బయల్దేరిన 'సిరియస్' అనే చిన్న స్టీమరు దారి పొడవునా ఆవిరి మీదే నడిచి 18 రోజుల్లో న్యూయార్క్ చేరింది. దాని కెప్టెన్ రిచర్డ్ రాబర్ట్స్ ఈ హార్బర్‌లోని పాసేజ్ వెస్ట్ ఊరివాడే. తెరచాప ఓడలకి నెలా నెలన్నర పట్టే దారి అది. వలస అనేది అంత పెద్ద ఎత్తున జరగబోతోందని ఆ రోజు ఎవరూ ఊహించి ఉండరు.

పాతిక లక్షల మంది

1848 నుంచి 1950 దాకా ఐర్లండ్ వదిలి వెళ్లినవాళ్లు సుమారు 60 లక్షలని, అందులో 25 లక్షల మంది ఈ ఒక్క రేవు నుంచే వెళ్లారని లెక్క చెబుతారు.

కరువే కారణం అనుకుంటే సగమే అర్థమైనట్టు. 1845లో తెగులు సోకి బంగాళాదుంప పంట కుళ్లింది. ఏడేళ్లలో సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి వెళ్లిపోయారు. అయితే కరువు తగ్గాక కూడా వలస ఆగలేదు. 1880లలో, 1900లలో కూడా టెండర్లు నిండుగానే కదిలాయి. ఎందుకు?

ఒక ఇల్లు ఊహించుకోండి. కొద్దిపాటి కౌలు భూమి, ఆరుగురు పిల్లలు. కరువు నేర్పిన పాఠం ఏమిటంటే భూమిని ముక్కలు చేయకూడదు. ఒక కొడుక్కే అది దక్కుతుంది. కట్నం ఇస్తే ఒక కూతురికి పెళ్లవుతుంది. మిగిలిన నలుగురూ ఏం చేయాలి? పెద్దమ్మాయి బోస్టన్‌లో ఎవరింట్లోనో పనిమనిషిగా చేరుతుంది. తిండి, గది ఆ ఇంటివాళ్లవే కాబట్టి జీతం మిగులుతుంది. ఏడాది తిరిగేలోపు చెల్లికి ముందే డబ్బు కట్టిన టికెట్ పంపిస్తుంది. చెల్లి తమ్ముడికి పంపిస్తుంది. ఇలా గొలుసులా సాగిపోయింది. టైటానిక్ మీద ఇక్కడ ఎక్కిన చాలామంది మూడో తరగతి టికెట్ 7 పౌండ్ల 15 షిల్లింగులు. ఇంట్లో ఒకరు ముందు వెళ్లి సంపాదిస్తే తప్ప వెనకవాళ్లకి పుట్టే డబ్బు కాదది. ఐరిష్ వలసలో దాదాపు సగం మంది ఆడవాళ్లు, అందులోనూ పెళ్లికాని అమ్మాయిలు. యూరప్‌లో మిగతా దేశాల వలసల్లో ఇలా కనిపించదు.

బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో 'అమెరికన్ వేక్' జరిగేది. ఎవరైనా పోతే శవం దగ్గర ఇరుగుపొరుగు రాత్రంతా జాగారం చేసే ఆచారం అక్కడుంది, దాన్ని వేక్ అంటారు. బతికున్న పిల్లకి అదే చేసేవారు. ఆట, పాట, మందు, తెల్లారేసరికి ఏడుపులు. మళ్లీ చూస్తామన్న ఆశ ఉండేది కాదు మరి.

ఆ తర్వాత రైలు, క్వీన్స్‌టౌన్. ఓడ రావడానికి రెండు మూడు రోజులుంటే లాడ్జింగులే గతి. ఈ ఊరి కథలో నాకు మింగుడుపడని భాగం ఇదే. స్టేషన్‌లోనే పట్టుకుని ఫలానా లాడ్జికి లాక్కుపోయే ఏజెంట్లు, ఒక్కో గదిలో కుక్కిన జనం, ఓడకి అక్కర్లేని సరంజామా అంటగట్టే దుకాణాలు. ఊళ్లో చాలామందికి అదే జీవనాధారం. ఆ పరిస్థితి చూసి షార్లెట్ గ్రేస్ ఓబ్రయన్ అనే ఆవిడ 1882లో ఒంటరి అమ్మాయిల కోసం ఇక్కడ 105 పడకల వసతి గృహం పెట్టింది. ఓడల్లో ఆడవాళ్లు పడే పాట్ల మీద అప్పటికే పత్రికల్లో రాసి గొడవ చేసిన మనిషి ఆవిడ.

గట్టు మీద ఇంకో దృశ్యం కూడా ఉంది. ప్రపంచంలో తొలి యాట్ క్లబ్బుగా చెప్పుకునే రాయల్ కార్క్ యాట్ క్లబ్బు మూలం 1720 నాటిది. 1854లో కట్టిన దాని భవనం సరిగ్గా నీళ్ల అంచున ఉంది. వరండాలో పెద్దమనుషులు పడవ పందేలు చూస్తుంటే, అదే గట్టు మీద కాస్త అవతల మూటలు పట్టుకున్న జనం టెండర్ ఎక్కేవారు. ఇప్పుడు ఆ భవనంలో సిరియస్ పేరుతో ఆర్ట్ సెంటర్ నడుస్తోంది.

ఈ వలసని ఎలా చూడాలన్న దాని మీద చరిత్రకారుల్లో రెండు ధోరణులున్నాయి. ఒకరు దీన్ని వెలివేతగా చూస్తారు: పరాయి పాలన, భూస్వాముల వ్యవస్థ జనాన్ని తరిమేశాయి, పాటల్లో ఉత్తరాల్లో వినిపించే దుఃఖమే దానికి సాక్ష్యం. రెండోవాళ్లు, ముఖ్యంగా కరువు తర్వాతి తరాల విషయంలో, అది తెలిసి వేసిన అడుగు అంటారు: పల్లెలో పెళ్లీ భూమీ లేకుండా అన్న ఇంట్లో ఊడిగం చేయడం కంటే న్యూయార్క్‌లో సొంత జీతం మేలని అమ్మాయిలే ఎంచుకున్నారని. కరువు ఏళ్లలో వెళ్లినవాళ్లకి రెండో మాట అతకదు. 1890ల అమ్మాయిలకి మొదటి మాట ఒక్కటే సరిపోదు.

యానీ మూర్ సంగతే చూడండి. 1891 డిసెంబరు 20న ఇద్దరు తమ్ముళ్లతో కలిసి 'నెవాడా' ఓడ ఎక్కింది. అప్పటికే న్యూయార్క్‌లో ఉన్న అమ్మానాన్నల దగ్గరికి ప్రయాణం. 1892 జనవరి 1న కొత్తగా తెరిచిన ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రంలో మొట్టమొదట అడుగుపెట్టింది తనే. పది డాలర్ల బంగారు నాణెం బహుమతిగా ఇచ్చారు. పత్రికలు 15 ఏళ్లని రాశాయి, అసలు వయసు 17. ఆ తర్వాత ఆమె టెక్సస్ వెళ్లి స్థిరపడిందని ఏళ్ల తరబడి చెప్పుకున్నారు. ఆ టెక్సస్ యానీ మూర్ వేరే మనిషని 2006లో తేలింది. నిజం యానీ న్యూయార్క్ దాటి వెళ్లలేదు. లోయర్ ఈస్ట్ సైడ్ పేదపేటలో కాపురం చేసి, పిల్లల్లో కొందరిని చిన్నతనంలోనే పోగొట్టుకుని, 1924లో చనిపోయింది. కోవ్ గట్టు మీది విగ్రహంలో తమ్ముడు సముద్రంకేసి చూపిస్తుంటాడు. యానీ వెనక్కి, ఊరివైపు చూస్తుంటుంది.

రెండు గంటల టైటానిక్, పద్దెనిమిది నిమిషాల లూసిటానియా

టూరిస్టులు టైటానిక్ పేరు చెప్పుకుని వస్తారు. ఆ ఓడకి ఈ ఊరితో ఉన్న సంబంధం 1912 ఏప్రిల్ 11న రెండు గంటలు. పొద్దున పదకొండున్నర ప్రాంతంలో వచ్చి మధ్యాహ్నం ఒకటిన్నరకి వెళ్లిపోయింది. 'ఐర్లండ్', 'అమెరికా' అనే రెండు టెండర్లలో 123 మంది వెళ్లి ఎక్కారు. వాళ్లలో 113 మంది మూడో తరగతి. బతికి బయటపడింది 44 మంది. లేసు అమ్మేవాళ్లు కూడా టెండర్లో వెళ్లి డెక్ మీద కాసేపు దుకాణం పెట్టి తిరిగొచ్చారు. ఏడుగురు ప్రయాణికులు ఇక్కడే దిగిపోయారు. వాళ్లలో ఒకరైన ఫ్రాన్సిస్ బ్రౌన్, అప్పటికి ఇంకా ఫాదర్ కాలేదు, దారిలో తీసిన ఫొటోల వల్లే ఓడ లోపలి రోజువారీ జీవితం ఇవాళ మనం చూడగలుగుతున్నాం. జాన్ కాఫీ అనే ఈ ఊరి కుర్రాడు బొగ్గు వేసే పనివాడు. తపాలా సంచుల మధ్య దాక్కుని ఒడ్డుకి వచ్చేశాడని చెబుతారు.

ఊరిని అసలు కుదిపేసింది లూసిటానియా. 1915 మే 7 మధ్యాహ్నం, కిన్సేల్ దగ్గరి ఓల్డ్ హెడ్ కొసకి అవతల, జర్మన్ జలాంతర్గామి యు-20 వేసిన ఒక్క టార్పెడోకి ఆ లైనర్ 18 నిమిషాల్లో మునిగిపోయింది. దాదాపు 1,200 మంది పోయారు. సాయానికి బయల్దేరిన 'జూనో' అనే యుద్ధనౌకని, జలాంతర్గామి ఇంకా అక్కడే పొంచి ఉంటుందన్న భయంతో వెనక్కి పిలిచారు. చేపల పడవలు, టగ్గులు, టెండర్లు వెళ్లాయి. ఆ రాత్రి అవి క్వీన్స్‌టౌన్ గట్టుకి బతికినవాళ్లని, శవాల్ని కలిపే తెచ్చాయి. కునార్డ్ కంపెనీ షెడ్డు, టౌన్ హాలు శవాగారాలయ్యాయి. సైనికులు ఓల్డ్ చర్చ్ శ్మశానంలో మూడు పెద్ద గోతులు తవ్వారు. మే 10న ఊరంతా ఆ శవపేటికల వెంట నడిచింది. నూట అరవై మందికి పైగా అక్కడే ఉన్నారు, చాలామంది పేరు తెలియకుండానే.

ఒక్క టార్పెడోకి అంత పెద్ద ఓడ అంత త్వరగా ఎలా మునిగింది? టార్పెడో తగిలిన వెంటనే రెండో పేలుడు వినిపించిందని బతికినవాళ్లు చెప్పారు. ఓడలో 40 లక్షలకు పైగా తుపాకీ తూటాలున్నాయి, సరుకు జాబితాలోనే ఆ సంగతి ఉంది. అందువల్ల పేలిందని కొందరు, జాబితాలో రాయని పేలుడు సామగ్రి ఉందని కొందరు అన్నారు. తూటాలు అలా ఒక్కసారిగా పేలవని, బొగ్గు ధూళో, ఆవిరి గొట్టాలో కారణమని ఇంకొందరు. అమెరికాని యుద్ధంలోకి లాగడానికి బ్రిటన్ కావాలనే వదిలేసిందనే ఆరోపణ కూడా పాతదే. దాన్ని రుజువు చేసే కాగితం ఇంతవరకూ ఏదీ బయటపడలేదు. అమెరికా యుద్ధంలో దిగింది రెండేళ్ల తర్వాత. అప్పుడు, 1917 మే 4న, మొదటి ఆరు అమెరికన్ డిస్ట్రాయర్లు చేరింది కూడా ఈ హార్బర్‌కే.

దేశం వచ్చింది, రేవు రాలేదు

1921 ఒప్పందంతో ఐర్లండ్‌లో ఎక్కువ భాగానికి స్వపరిపాలన వచ్చింది. కానీ బ్రిటన్ మూడు రేవుల రక్షణ స్థావరాలు తన దగ్గరే ఉంచుకుంది: ఇది, పశ్చిమ కార్క్‌లోని బేర్‌హేవెన్, ఉత్తరాన లాఫ్ స్విల్లీ. వీటినే 'ట్రీటీ పోర్టులు' అంటారు. అంటే ఊళ్లో ఐరిష్ జెండా, ఎదురుగా కనిపించే స్పైక్ ఐలాండ్ మీద బ్రిటిష్ జెండా. పదహారేళ్లు అలాగే గడిచింది. 1938 జులై 11న, 1921లో కాల్పుల విరమణ అమల్లోకి వచ్చిన తేదీ నాడే, ఐరిష్ ప్రధాని డి వలేరా సమక్షంలో ఆ జెండా దిగింది.

మరుసటి ఏడాదే రెండో ప్రపంచ యుద్ధం. రేవులు వదులుకోవడం ఘోరమైన తప్పని చర్చిల్ 1938లోనే అన్నాడు, అట్లాంటిక్‌లో ఓడలు మునుగుతుంటే మళ్లీ మళ్లీ అన్నాడు. అవి బ్రిటన్ చేతిలో ఉండి ఉంటే ఐర్లండ్ తటస్థంగా ఉండటం అసాధ్యమయ్యేది అనేది ఐరిష్ వాదన. బ్రిటన్‌కి నిజంగా ఎంత నష్టం జరిగిందన్నది మాత్రం తేలని లెక్క. ఫ్రాన్స్ పడిపోయాక ఓడలు ఎలాగూ ఐర్లండ్‌కి ఉత్తరంగానే తిరిగి పోవాల్సి వచ్చింది, అక్కడ ఉత్తర ఐర్లండ్ రేవులు బ్రిటన్ చేతిలోనే ఉన్నాయి.

ఊరివరకు చూస్తే, నౌకాదళంతో పాటు దాని జీతాలూ, దాని బీరు ఖర్చూ వెళ్లిపోయాయి.

ఉక్కు, ఓడలు, రెండు భారతీయ పేర్లు

ఆ ఖాళీని పరిశ్రమతో నింపుదామని చూశారు. పక్కనే రష్‌బ్రూక్‌లో డచ్ కంపెనీ వెరోల్మ్ ఓడల కార్ఖానా నడిపింది. వెయ్యి మందికి పైగా పనిచేసిన ఆ యార్డు 1984లో మూతపడింది. అదే ఏడాది కార్క్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీ, దానికి ముందు ఏడాది డన్‌లప్ టైర్ల ఫ్యాక్టరీ పోయాయి. ఆ దెబ్బని ఆ ప్రాంతంవాళ్లు ఇంకా మర్చిపోలేదు.

ఆ యార్డులో తయారైన గస్తీ నౌకల్లో 'ఆష్లింగ్' ఒకటి. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం ఐర్లండ్ తీరానికి దూరంగా బాంబు పేలి కూలిపోయింది. 329 మంది పోయారు. ఆ సముద్రంలో గాలింపుకి దిగినవాళ్లలో హాల్‌బౌలిన్‌ స్థావరపు ఆష్లింగ్ నావికులున్నారు. చేతులతో ఎత్తి తెచ్చిన శవాలతో కలిపి మొత్తం 131 దొరికాయి. లూసిటానియా పోయిన డెబ్భై ఏళ్లకి అదే తీరానికి మళ్లీ అదే పని పడింది.

రెండో పేరు ఇస్పాత్. విశాఖ ఉక్కు పుణ్యమా అని ఆ మాట మనకి కొత్తకాదు. హాల్‌బౌలిన్ మీద 1939 నుంచి ఐరిష్ స్టీల్ ఉండేది. ప్రభుత్వ రంగంలో నష్టాలు మోసీ మోసీ చివరికి 1996లో నామమాత్రంగా ఒక్క పౌండుకి లక్ష్మీ మిట్టల్ కుటుంబపు ఇస్పాత్‌కి అప్పగించారు. 2001లో అదీ మూతపడింది. సుమారు 400 ఉద్యోగాలు పోయాయి. మిగిలింది అర మిలియన్ టన్నులకు పైగా ఫ్యాక్టరీ వ్యర్థం, ఊరికి ఎదురుగా. ఎవరు శుభ్రం చేయాలన్న దాని మీద ఏళ్ల తరబడి లాగుడు నడిచి చివరికి ప్రజల డబ్బుతోనే చేశారు. ఆ గుట్ట మీద ఇప్పుడు పార్కు ఉంది.

పేకముక్కల ఇళ్లు, పై నుంచి గంటలు

ఇవాళ ఊరిని చూస్తే మొదట కనపడేది సెయింట్ కోల్మన్ కెథడ్రల్. 1868లో మొదలుపెట్టి శిఖరం పూర్తిచేసేసరికి 1915 అయింది. అందులో 49 గంటల కారిలాన్ ఉంది, అంటే మీటలు నొక్కి సంగీతం వాయించేలా అమర్చిన గంటల వరస. ఖర్చులో ఊరివాళ్ల చందాలతో పాటు అమెరికా, ఆస్ట్రేలియా నుంచి వలసవెళ్లినవాళ్లు పంపిన డబ్బూ ఉంది. వెనక్కి చూస్తే ఓడ మీదినుంచి చివరగా కనిపించేది అదే కాబట్టి ఇచ్చి ఉంటారనుకుంటాను. లోపలి పాత అమరిక తీసేసి కొత్తగా మారుస్తామని చర్చి అధికారులంటే ఊరివాళ్లే అడ్డం తిరిగారు. ప్లానింగ్ బోర్డు దాకా వెళ్లి 2006లో గెలిచారు. మర్యాదగా ఉంటారు గానీ మొండివాళ్లు.

కెథడ్రల్ పక్కన వెస్ట్ వ్యూ అనే నిట్టనిలువు వీధి. ఒకదాని భుజం మీద ఒకటి ఒరిగినట్టు 23 ఇళ్లు, ఒక్కోటి ఒక్కో రంగు. జనం వాటిని 'డెక్ ఆఫ్ కార్డ్స్' అంటారు, పేకముక్కల ఇళ్లన్నమాట. కింది ఇల్లు కూలితే అన్నీ కూలతాయని జోకు. నూట డెబ్భై ఏళ్లుగా ఆ పేకమేడ నిలబడే ఉంది.

ఇప్పుడు ఊరి ఆదాయం క్రూజ్ ఓడల మీద ఎక్కువగా ఆధారపడుతోంది. సీజన్‌లో సుమారు వంద ఓడలు వస్తాయి. మూడేసి వేల మంది ఒక్కసారిగా దిగుతారు. దాని మీదా రెండు మాటలున్నాయి. దిగినవాళ్లలో చాలామంది నేరుగా బస్సెక్కి బ్లార్నీ కోటకో కిల్లార్నీకో పోతారు, భోజనం ఎలాగూ ఓడలోనే, ఊరికి మిగిలేదేమిటి అని కొందరు. ఓడ రాని రోజున గట్టు మీది కేఫ్‌లో కూర్చుని చూడండి, తేడా తెలుస్తుంది అని ఇంకొందరు. ఊళ్లో ఉండేవాళ్లు ఎక్కువమంది ఇప్పుడు పొద్దున్నే రైలెక్కి కార్క్ ఉద్యోగాలకి పోతారు. ఎదురుగడ్డ రింగాస్కిడ్డీలో ఫైజర్ లాంటి మందుల కంపెనీలున్నాయి.

పాత స్టేషన్ భవనంలో వలసల మ్యూజియం ఉంది. వైట్ స్టార్ కంపెనీ ఆఫీసులో టైటానిక్ ప్రదర్శన. ఆ ఆఫీసు వెనక నీళ్లలో కొన్ని పుచ్చిపోయిన కొయ్య దుంగలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. టైటానిక్ ప్రయాణికులు టెండర్ ఎక్కిన వంతెన అదే. దానికి 'హార్ట్‌బ్రేక్ పియర్' అని పేరు. పోటు వచ్చినప్పుడు సగం మునుగుతుంది, పక్షులు వాలుతుంటాయి.

అక్కడికి కొద్ది నిమిషాల నడకలో లోతు నీటి గట్టు. టైటానిక్ కంటే పెద్ద ఓడలు ఇప్పుడు సరాసరి దానికే వచ్చి కట్టుకుంటాయి, టెండర్ అక్కర్లేదు. సాయంత్రం ఓడ కదిలేటప్పుడు ఒక్కోసారి గట్టు మీద బ్యాండు వాయిస్తారు. హారన్ మోగుతుంది, జనం చేతులూపుతారు. ఎక్కి వెళ్లేవాళ్లంతా పొద్దున దిగినవాళ్లే, ఆ ఊరివాళ్లు ఒక్కరూ ఉండరు.